బాపుకు చప్పుడు వినపడ్తది, మాటనే వినపడదు

కొన్నేండ్ల కింద దసరాకు ఇంటికి పోయినప్పటి ముచ్చట ఇది. అమ్మ వంటింట్ల నుంచి "పప్పు ఒడిసింది, దుకాణంల పావుకిలో తేరాదు" అని కేకేసింది. బాపు అప్పుడే గడప కాడ చెప్పులేసుకుంటున్నడు, ఒక్కసారి ఆగిపోయి "అప్పా? ఎవలకు అప్పు? నేను ఎవలకు బాకి లేను" అన్నడు. పిల్లలు నవ్విండ్రు, అమ్మ నవ్వింది, నేను గూడ నవ్విన. బాపు మాత్రం నవ్వలేదు. సిరిసిల్లల సాంచెల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద బతికినోళ్లకు అప్పు అనే మాట ఎంత బరువో మాకందరికి తెలుసు, అప్పులు కట్టలేక పోయినోళ్ల ఇండ్లు మా వాడల్నే ఉన్నయ్. ఆయన నిజంగనే భయపడ్డడు, ఎవలో బాకి అడగనీకి వచ్చిండ్రనుకున్నడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గొంతుల ముల్లు లెక్కనే ఉన్నది.

అప్పటిదాంక మా ఇంట్ల అందరి మాట ఒక్కటే, "ఆయనకు వినపడ్తది, పట్టించుకోడు అంతే". ఎందుకంటే గేటు చప్పుడైతే బాపుకు వినపడ్తది, లారీ పోతే వినపడ్తది, పక్కింట్ల కుక్క మొరిగితే మా అందరికన్న ముందు ఆయనే లేస్తడు. మరి మనం పిలిస్తే పలకడేంది, చెప్పిందొకటైతే చేసేదొకటేంది అని కోపం. పెండ్లిళ్లకు పోతే ఒక మూలకు కుర్చీ ఏసుకుని కూసునుడు, ఫోన్ వస్తే అమ్మకిచ్చుడు, ఇవన్ని ఆయన స్వభావం అనుకున్నం. స్వభావం కాదు, లోపలి చెవి దెబ్బతిన్నది. డాక్టర్లు దీన్ని సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్ అంటరు. ఇది అర్థం చేసుకోనీకి మాకు దగ్గర దగ్గర పదేండ్లు పట్టింది, ఇంకొక ఇంట్ల ఇంత ఆలస్యం కావద్దని రాస్తున్న.

బాపు 31 ఏండ్లు సాంచెలు నడిపిండు. ముందుగాల ముంబై దిక్కున్న భీవండిల, తర్వాత సిరిసిల్లల. పవర్‌లూమ్‌ను మేము సాంచ అంటం. రేకుల షెడ్డుల వరుసగ సాంచెలు, ఒక్కొక్క మనిషికి నాలుగు, పని ఎక్కువున్నప్పుడు ఆరు. నాడె, అంటే పోగును మోసే షటిల్, ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకుంటనే ఉంటది, నిమిషానికి నూరు సార్లకు పైన, కట్టె మీద ఇనుము కొట్టినట్టు. అట్లాంటివి ఇరవై ముప్పై ఒక్కసారి నడుస్తుంటే ఆ చప్పుడును చెవితోని వింటున్నమా ఛాతితోని వింటున్నమా తెల్వది. చిన్నప్పుడు నేను మధ్యాహ్నం గిన్నె పట్టుకొని పోయేదాన్ని, లోపలికి అడుగు పెట్టంగనే పండ్లు గూడ అదిరినట్టు అయ్యేది. లోపల ఎవలూ మాట్లాడుకోరు, అన్నీ సైగలే. రెండు వేళ్లు నోటి కాడ పెడితే బీడి, చెయ్యి తిప్పితే దారం కండెలు ఒడిసినయ్, అరచెయ్యి బోర్లిస్తే సాంచ బంద్ చెయ్. పెదవులు చూసి మాట పట్టుకునుడు అందరికి వచ్చు. ఇంగ్లండుల లాంకషైర్ బట్టల మిల్లులల్ల పనిచేసినోళ్లు గూడ ఇట్లనే పెదవులు సాగదీసి మాట్లాడుకునేటోళ్లట, దానికి మీ-మా అని పేరు గూడ పెట్టుకున్నరు. అది చదివినప్పుడు మా బాపే గుర్తుకొచ్చిండు.

షిఫ్టు దిగి ఇంటికొచ్చినంక బాపు రెండు మూడు గంటలు దిమ్మెక్కినట్టు ఉండేటోడు, చెవులల్ల దూది పెట్టినట్టు ఉన్నది అనేటోడు. పొద్దటికల్లా తేరుకునేది. గందుకే ఎవలం పట్టించుకోలె. ఇప్పుడు తెలిసింది ఏందంటే ఆ దిమ్మనే చెవి ఇచ్చే మొదటి హెచ్చరిక, లోపలి కణాలు అలిసిపోయి పడుకున్నయ్ అన్నట్టు, ఒక రాత్రి విశ్రాంతి ఇస్తే చాన మటుకు లేస్తయ్, గని రోజూ అట్లనే కొడితే ఒకరోజు లేవయ్.

ముందుగాల మేము చేసిన వైద్యాలు చెప్త. అమ్మ ఎల్లిగడ్డ నూనె వెచ్చజేసి పోసింది. ఒక డాక్టర్ గులిమి ఉన్నదని తీసి చుక్కల మందు రాసిండు, గులిమి పోయింది వినికిడి రాలే. ఇంకొకాయన నరాల బలహీనత అని నెలకు పైన గోలీలు మింగిచ్చిండు, చెవికి పరీక్ష చెయ్యాలె అని మాత్రం చెప్పలె. వినికిడి తక్కువైందని పోతే పరీక్ష రాయకుండ మందు రాసిన చోట ఆగకుర్రి, ఇంకో చోటికి పోర్రి. అక్కడ పోయినయ్ మాకు రెండేండ్లు.

చెవిల మూడు భాగాలుంటయ్ అని బళ్లె చదువుకున్నం. బయటి చెవి, నడిమి చెవి చప్పుడును లోపలికి మోసుకపోయే పనే చేస్తయ్. గులిమి అడ్డం పడ్డా, కర్ణభేరికి చిల్లు పడ్డా, నడిమి చెవిల చీము పట్టినా ఆ మోసుడు ఆగిపోతది. అయ్యి చానవరకు మందులతోని, ఆపరేషన్‌తోని బాగైతయ్. లోపలి చెవి కథ వేరు. చప్పుడు అక్కడ కరెంటు లెక్క మారి నరం పట్టుకొని మెదడుకు పోతది, ఆ మార్చే చోటే చెడిపోతే పైన ఎన్ని చుక్కలు పోసినా లోపలికి అందయ్.

ఇది ఏ రకమో చూసే మొదటి పరీక్ష చాన సింపుల్. హైదరాబాద్‌ల చెవి డాక్టర్ ఒక ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి బాపు చెవి ముందల పెట్టిండు, తర్వాత చెవి వెనుక బొక్క మీద, అంటే ఎముక మీద ఆనిచ్చిండు, ఏది గట్టిగ వినపడ్తంది అని అడిగిండు. ముందల పెట్టిందే గట్టిగ ఉన్నదన్నడు బాపు. అంటే దారి బాగనే ఉన్నది, లోపల్నే లోటు. అటెన్క గాజు కిటికి ఉన్న చిన్న గదిల కూసోబెట్టిండ్రు, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిల ఒక బటన్. బీప్ వినపడితే నొక్కాలె. నేను కిటికి అవతల, వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ మేడమ్ పక్కన కూసున్న. మేడమ్ ఒక సన్నటి బీప్ పంపింది, నాకు ఆమె దగ్గరున్న స్పీకర్ల నుంచి మంచిగ వినపడుతున్నది, బాపు బొటనవేలు కదల్లేదు. పెంచింది, కదల్లేదు. ఇంకా పెంచింది. బాపు నా దిక్కు చూస్తున్నడు, ఎప్పుడు మొదలువెడ్తరు అన్నట్టు. ఆ చూపుకు నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష కాయితం మీద ఎర్ర సున్నాలు కుడి చెవికి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవికి. ఎడమ నుంచి కుడికి పోతుంటే చప్పుడు బొంగురు నుంచి సన్నానికి మారుతది, పైనుంచి కిందికి దిగుతుంటే వినికిడి తగ్గుతున్నట్టు. బాపువి 250, 500 హెర్ట్జ్ కాడ బాగనే పైన ఉన్నయ్, 2,000 దాటినంక జారుడుబండ లెక్క దిగి 4,000 కాడ 70 డెసిబెల్స్‌కు (చప్పుడు ఎంత గట్టిగున్నదో చెప్పే కొలత) పడ్డయ్, 8,000 కాడ మళ్ల కొంచెం పైకి లేచినయ్. రెండు చెవులూ ఒక్క తీరే. మేడమ్ ఆ కాయితం చూసి, నేనేం చెప్పకముందే, "పెద్దాయన ఏం పని చేస్తుండె అమ్మా, మిషన్ల కాడనా?" అని అడిగింది. 4,000 కాడ పడ్డ ఆ గుంట చప్పుడుతోని చెడిన చెవికి గుర్తట. వయసుతోని వచ్చే చెవుడైతే చివరిదాంక దిగుకుంటనే పోతది గని ఇట్ల మళ్ల లేవదట.

లోపల ఏమైందో మేడమ్ బొమ్మేసి చెప్పింది. లోపలి చెవిల నత్తగుల్ల తీరు ఒక ఎముక గొట్టం ఉంటది, కాక్లియా అంటరు, రెండున్నర చుట్ల పైన తిరిగి ఉంటది, సాపుగ చాపితే మూడున్నర సెంటీమీటర్లే. అందుల నీళ్ల లెక్క ద్రవం, ఆ ద్రవంల అల లేస్తది, ఆ అల ఎట్ల నడుస్తదో కనిపెట్టినందుకే బేకేషి అనే శాస్త్రవేత్తకు 1961ల నోబెల్ ఇచ్చిండ్రు. ఆ పొడుగూత హెయిర్ సెల్స్, అంటే తల మీద సన్నటి కుచ్చులున్న కణాలు, ఒక్కో చెవిల మొత్తం 15 వేలకు కొంచెం అటీటు. లోపలి వరుసల మూడున్నర వేలు, అయ్యే మెదడుకు కబురు పంపేవి. బయటి వరుసలల్ల 12 వేల దాంక, అయ్యి సన్నటి చప్పుడును పెంచి ఇచ్చేవి. నత్తగుల్ల మూతి కాడున్నయ్ సన్న స్వరం పట్టుకుంటయ్, లోపలి కొసనున్నయ్ బొంగురు స్వరం పట్టుకుంటయ్. చప్పుడు దెబ్బకు ముందుగాల పోయేవి మూతి దిక్కు ఉన్న బయటి వరుసలే.

బాపు ఇదంత విని ఒక్కటే అడిగిండు. "సాంచ మీద పోగు తెగితే అతుకేస్తం, ఇందుల తెగినయ్ అతకరాదా బిడ్డా?" మేడమ్ లేదన్నది. పక్షులకైతే ఈ కణాలు పోయినా మళ్ల మొలుస్తయ్, కోడిపిల్లలల్ల చూసిండ్రు 1980లల్లనే, మనుషులకు మొలవయ్. ఇప్పటిదాంక ఏ గోలీ, ఏ నూనె, ఏ ఇంజక్షన్ పోయిన హెయిర్ సెల్‌ను తెచ్చింది లేదు. ఎవలన్న తెస్త అని పైసలు అడిగితే ఇయ్యకుర్రి.

మరి గేటు చప్పుడు వినపడి మాట ఎందుకు వినపడదు? నాకు అన్నిటికన్న ఎక్కువ కండ్లు తెరిపిచ్చింది ఇదే. మన మాటల్ల అ, ఆ, ఓ, ఊ లాంటి అచ్చులు బొంగురు దిక్కుంటయ్, బలంగ ఉంటయ్. స, శ, చ, త, ట, క, ప లాంటివి సన్న దిక్కుంటయ్, బలం చాన తక్కువ. బాపు చెవుల ఆ సన్న దిక్కే ఖాళీ. పప్పు, తప్పు, కప్పు, అప్పు, ఈ నాలుగు మాటలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దూరం నుంచి అని చూడుర్రి, బాపుకు నాలుగూ ఒక్కటే లెక్క వస్తయ్. మొదటి అక్షరం చెవి దాంక వస్తది గని లోపల పట్టుకునేటోడు లేడు. ఇగ మెదడు ఆ ఖాళీని తనకు తెలిసిన మాటతోని నింపుకుంటది. జీవితాంతం అప్పుల భయంల బతికిన మనిషికి మెదడు ఏ మాట తెచ్చిచ్చిందో చూడుర్రి.

ఇంకొకటి. వినపడ్తలేదని మనం అరుస్తం, అప్పుడు బాపు చెవులు మూసుకొని "ఎందుకు అట్ల ఒర్లుతరు, నాకేమన్న చెవుడా" అంటడు. ఇది మొండితనం కాదు, దీనికి గూడ కారణం ఉన్నది. సన్న చప్పుడును పెంచి ఇచ్చే కణాలు పోయినయ్ గని గట్టి చప్పుడును పట్టేటియ్ ఉన్నయ్, గందుకే కొంతదాంక ఏమీ వినపడదు, ఆ గీత దాటంగనే ఒక్కసారి భరించలేనంత గట్టిగ తాకుతది. అరిస్తే అచ్చులే పెరుగుతయ్, కావాల్సిన హల్లులు అట్లనే మసకగ ఉంటయ్. అరుపుల ముఖం గూడ కోపంగ మారుతది, పెదవులు చదివేటోనికి ఆ కోపం ఒక్కటే అర్థమైతది.

రాత్రిపూట బాపుకు చెవులల్ల గుయ్యిమంటది. ఇన్నేండ్లు మాకెవలకూ చెప్పలె. మేడమ్ అడిగితే బయటపడ్డది, "సాంచెలు బందువెట్టి నాలుగేండ్లైంది, నాకైతే నడుస్తనే ఉన్నయ్" అన్నడు. దాన్ని టిన్నిటస్ అంటరు. ఒక చిన్న రేడియో సన్నగ పెట్టుకొని పడుకొమ్మన్నరు, మొత్తం నిశ్శబ్దంల ఉంటే అదే పెద్దగైతదట. ఇప్పుడు అట్లనే పడుకుంటున్నడు, కొంచెం నయం.

ఇగ చెవి మిషన్. చాన ఇండ్లల్ల మిషన్ కొంటరు, నెలకు డబ్బల పెడ్తరు. మాకు గూడ అట్లనే అయ్యేది. అమ్మ బీడీలు చేసి కూడవెట్టిన పైసలు, నావి కొన్ని కలిపి రెండు చెవులకు తీసుకున్నం. మొదటి రోజు కుక్కర్ సీటీకి బాపు లేచి నిలవడ్డడు. పేపర్ మడత పెడితే గరగర, ఫ్యాన్ గరగర, తన చెప్పుల చప్పుడే తనకు కొత్త. మూడో రోజు తీసి అల్మారల పెట్టిండు. మెదడు ఇన్నేండ్లు ఆ చప్పుళ్లు లేకుండ అలవాటు పడ్డది, మళ్ల ఏది అవసరం ఏది అనవసరం అని ఏరుకోనీకి వారాలు పడ్తది అని మాకు ముందు ఎవలూ సరిగ చెప్పలె. మళ్ల పోయినం, మేడమ్ సన్న దిక్కు కొంచెం తగ్గించి పెట్టింది, పొద్దుగాల ఒక గంట, ఇంట్ల ఒక్క మనిషితోనే మాట్లాడుకుంట మొదలువెట్టుమన్నది, అటెన్క వారం వారం పెంచుకుంట పోయినం. మూడుసార్లు ట్యూనింగ్ అయినంక నిలవడ్డది. అమ్మినోళ్లు ట్యూనింగ్‌కు మళ్ల మళ్ల పిలుస్తరా లేదా అన్నది అడగకుండ మిషన్ కొనకుర్రి, రేటు కన్న ఇది ముఖ్యం. బ్యాటరీకి వెనుక రంగు స్టిక్కర్ ఉంటది, మా బాపుదానికి గోధుమ రంగు. అది పీకినంక వెంటనే పెట్టొద్దు, ఒక నిమిషం గాలి తగలనియ్యాలె, అది గాలితోని పనిచేసే బ్యాటరీ. బాపు ఆ స్టిక్కర్లను క్యాలెండర్ మీద తారీఖు పక్కన అతికిస్తడు, ఏ రోజు మార్చిండో లెక్క.

మిషన్ పెట్టినంత మాత్రాన పాత చెవి రాదు. మాట ఇప్పటికీ పూర్తిగ తేట కాదు, పది మందిల అసలే కష్టం. సగం పని మిషన్‌ది, సగం మాది. మాట్లాడేటప్పుడు టీవీ బంద్ చేస్తున్నం. ముందల కూసొని, ముఖం మీద వెలుతురు పడేటట్టు, అరవకుండ, కొంచెం నిమ్మళంగ మాట్లాడుతున్నం. ముందు పేరు పిలిచి ఆయన చూసినంకనే మాట. అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండ వేరే మాటల్ల చెప్తున్నం, పప్పు అనకుండ "కందిపప్పు, వండనీకి" అంటే దొరుకుతది.

అన్నిటికన్న పెద్ద మార్పు ఒక మాట బంద్ చేసినం. బాపు "ఏమన్నవ్?" అని అడిగితే మేమందరం "ఏంలే తియ్" అనేటోళ్లం. రోజుకు ఎన్నిసార్లు అన్నమో, ఎన్నేండ్లు అన్నమో. పెద్ద ముచ్చటేం కాదు మళ్ల చెప్పుడెందుకు అని అనేటోళ్లం, గని వినేటోనికి అది నీకు చెప్పే పని లేదు అన్నట్టు. ఆ మాట వినీ వినీ ఆయన అడుగుడే మానేసిండు. ఇప్పుడు మా పిల్లగాడు గూడ "ఏంలే" అనడు, తాత దగ్గరికి పోయి మోకాలు మీద చెయ్యేసి మళ్ల చెప్తడు.

చప్పుడు ఒక్కటే కారణం కాదు. జెంటామైసిన్, అమికాసిన్, ఎనుకట టీబీకి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజక్షన్లు, కేన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ ఇదే కణాలను చంపగలవు, ప్రాణం కోసం ఇయ్యక తప్పదు గని మధ్యల వినికిడి పరీక్ష అడగుర్రి. గవద బిళ్లలు, మెదడు జ్వరం, గర్భంల ఉన్నప్పుడు తల్లికొచ్చే రుబెల్లా, మన దిక్కు ఇంకా నడుస్తున్న మేనరికాలతోని వచ్చే జన్యు లోపాలు, ఇవన్ని ఉన్నయ్. పుట్టిన పిల్లలకు మొదటి నెలల్నే వినికిడి పరీక్ష చేయిస్తే మిషనో, ఆపరేషన్ చేసి లోపలి చెవిల పెట్టే కాక్లియర్ ఇంప్లాంటో తొందరగ పెట్టి మాటలు నేర్పొచ్చు, ఆలస్యమైతే మాట వచ్చుడు చాన కష్టం. ఇంకొకటి గట్టిగ చెప్త. పొద్దుగాల లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి మూసుకపోతే జలుబనో గులిమి అనో వారం రోజులు చూడకుర్రి. అది సడెన్ హియరింగ్ లాస్ కావొచ్చు, లోపలి చెవి చెడిపోయిన వాటిల్ల మందుకు తిరిగొచ్చే అవకాశం ఉన్నది అదొకటి, స్టిరాయిడ్లు మొదటి రోజులల్ల మొదలువెడితేనే ఎక్కువ ఫాయిదా, రెండు వారాలు దాటితే ఆశ చాన తగ్గుతది. అదే రోజు చెవి డాక్టర్ దగ్గరికి పోర్రి.

హైదరాబాద్‌ల కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉన్నది, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ సెంటర్ ఉన్నది, వినికిడి పరీక్షలకు. ఆదాయం తక్కువున్నోళ్లకు చెవి మిషన్లు ఇచ్చే ఏడీఐపీ అని కేంద్రం స్కీమ్ గూడ ఉన్నది.

మనసుకు కష్టమైతున్నది ఇంకొకటున్నది. చప్పుడుతోని వచ్చే చెవుడు పనితోని వచ్చే రోగమని, బాపు పనిచేసిన కాలంల ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌ల రాసిపెట్టిండ్రు. పనికాడ 8 గంటలకు 90 డెసిబెల్స్ దాటొద్దని అప్పుడు రూల్స్ ఉండె. నిజానికి 85 కాడ్నే జాగ్రత్త పడాలె అంటరు, మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా చెవి మీద పడే దెబ్బ రెండింతలు, 100 కాడికి పోతే 15 నిమిషాలే లెక్క. బాపు 12 గంటల షిఫ్టు చేసిండు. ఆ చట్టం కరెంటుతోని నడిచే చోట కనీసం పదిమంది పనోళ్లు ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది, మా దిక్కు షెడ్డులల్ల ఇద్దరో ముగ్గురో ఉంటరు. 31 ఏండ్లల్ల ఒక్కసారి గూడ బాపు చెవికి ఎవలూ పరీక్ష చెయ్యలె. స్కాట్లండుల డండీ అనే ఊర్లె జనపనార నేసేటోళ్ల చెవులను పరీక్షించి, ఎన్నేండ్లు పనిచేస్తే ఎంత పోతదో 1965ల్నే లెక్క రాసిండ్రు. అప్పటికి మా బాపు చిన్న పోరడు.

మా చిన్నబాపు కొడుకు ఇప్పుడు అదే షెడ్డుల నడుపుతున్నడు, 24 ఏండ్లు. పోయినసారి పోయినప్పుడు వానికి స్పాంజి ఇయర్ ప్లగ్గుల డబ్బ కొనుకపోయిన. "దూది పెట్టుకుంటున్న గద అక్కా" అన్నడు. దూది దాదాపు ఏం ఆపదు, నాలుగు పోగులు చెవిల కుక్కుకుంటే చెవి కాపాడుకున్నట్టు కాదు అని చెప్పిన. ఇవి పెట్టుకుంటే సాంచ తేడా చేసింది తెల్వదేమో అని వాని భయం. అప్పుడు బాపు లేచిండు. మా మాట మొత్తం విన్నడో, పెదవులు చూసి పట్టుకున్నడో.

"ఇటు రారా" అని వాన్ని గడప మీద కూసోబెట్టి, ప్లగ్గును రెండు వేళ్ల నడుమ సన్నగ పోగు పేనినట్టు పేనిండు. ఎడమ చెయ్యి వాని తల మీది నుంచి తెచ్చి చెవి డొప్పను పైకి వెనుకకు గుంజిండు, లోపలికి పెట్టిండు, ఏలుతోని ఒత్తి పట్టుకున్నడు. మేడమ్ ఆయనకు చెప్పింది ఇదంత, ముప్పై లెక్కవెట్టేదాంక ఏలు తియ్యొద్దని, అది లోపల ఉబ్బి నిండేదాంక. వాడు కదులుతుంటే "ఆగు" అన్నడు. పైకే లెక్కవెడుతున్నడు, ఆయనకు తన గొంతు ఎంత గట్టిగున్నదో తెల్వది గద, వాడకట్టంత వినపడేటట్టు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.